ఒకే మనిషి, ఒకే అక్టోబర్

(న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తెలుగువాళ్ల ఆదివారం సమావేశంలో ఒక స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, తక్కినదంతా ఆయన మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న పరీక్ష. కంగారు పడకండి, మార్కులు వేయను.

ఇద్దరు బేస్‌బాల్ బ్యాటర్లు ఉన్నారనుకోండి. మొదటివాడు ఒక సిరీస్‌లో 22 సార్లు బ్యాట్ పట్టి 2 హిట్లు కొట్టాడు. ఇరవై రెండింటికి రెండే. రెండోవాడు ఇంకో సిరీస్‌లో 16 సార్లు బ్యాట్ పట్టి 11 హిట్లు కొట్టాడు. పదహారింటికి పదకొండు! రెండూ అక్టోబర్ ఆటలే, అంటే ఓడితే ఇంటికి పోయే ఆటలు. ఇప్పుడు తొమ్మిదో ఇన్నింగ్, అంటే ఆఖరిది. మీ జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. మీరే మేనేజరు. ఎవర్ని పంపుతారు? చేతులెత్తండి. మొదటివాణ్ని పంపేవాళ్లు? ఒక్కరూ లేరు. రెండోవాణ్ని? అందరూ ఎత్తారు. ఆ మూల కూర్చున్న పెద్దాయన రెండు చేతులూ ఎత్తారు.

ఇద్దరూ ఒకడేనండీ. డేవిడ్ ఒర్తీజ్, బోస్టన్ రెడ్ సాక్స్, 2013 అక్టోబర్. డెట్రాయిట్ మీద ఆడిన సిరీస్‌లో 22కి 2, సగటు 0.091. అది ముగిసిన నాలుగు రోజులకి సెయింట్ లూయిస్ మీద వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్, మొదలైంది. అందులో 16కి 11, సగటు 0.688. అదే మనిషి, అదే నెల. మధ్యలో నాలుగంటే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో ఏ అమృతం తాగాడు?

ఆగండి, ఇంకో సంగతి ఉంది. ఆ మొదటి సిరీస్‌లో రెండే హిట్లు అన్నాను కదా, ఆ రెండింట్లో ఒకటి ఏమిటో తెలుసా? రెండో ఆట, ఎనిమిదో ఇన్నింగ్. బోస్టన్ 5-1తో వెనకబడి ఉంది. మొదటి ఆట అప్పటికే ఓడిపోయారు, అదీ సొంత మైదానంలో. ఇద్దరు అవుట్. మూడు బేసుల మీదా మనుషులు, అంటే పరుగు పూర్తి చేయడానికి ముగ్గురు దారిలో నిలబడి ఉన్నారు. డెట్రాయిట్ పిచర్ వాకీన్ బెన్వా వేసిన మొదటి బంతినే ఒర్తీజ్ కుడివైపు గోడ దాటించాడు. దాన్ని పట్టుకోవడానికి టోరీ హంటర్ పరిగెత్తి పరిగెత్తి గోడ మీంచి తలకిందులుగా అవతల పడ్డాడు. నాలుగు పరుగులు, 5-5. తర్వాతి ఇన్నింగ్‌లో బోస్టన్ గెలిచింది. మారథాన్ బాంబు పేలుళ్లు జరిగిన ఊరు, అదే ఏడు ఏప్రిల్‌లో. ఆ ఊరు ఆ రాత్రిని ఎలా మర్చిపోతుంది?

ఇప్పుడు చెప్పండి. ఆ సిరీస్‌లో ఒర్తీజ్ విఫలమయ్యాడా, జట్టుని నిలబెట్టాడా? 0.091 నిజమా, ఆ గోడ దాటిన బంతి నిజమా? రెండూ నిజమే. ఈ రెంటి మధ్య ఉన్న ఇరుకులో నేను ముప్ఫై ఏళ్లుగా తిరుగుతున్నాను. ఇవాళ మిమ్మల్నీ అక్కడికి తీసుకెళ్తాను.

బేస్‌బాల్ చూడనివాళ్ల కోసం ఒక్క మాట. బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరితే అది హిట్. పదిసార్లు బ్యాట్ పట్టి మూడుసార్లు హిట్ కొడితే సగటు 0.300. అంటే పదింట ఏడుసార్లు తప్పినవాడే ఈ ఆటలో మొనగాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. వెయ్యో వంతుని పాయింటు అంటారు. 0.300 నుంచి 0.308కి ఎనిమిది పాయింట్లు. ఇంతకంటే లెక్కలు అక్కర్లేదు.

ఇక క్లచ్. కారులో కాలితో తొక్కే క్లచ్ కాదు. ఇక్కడివాళ్లు క్లచ్ అంటే మనం గండం గట్టెక్కించడం అంటాం. మనవాళ్లకి ఈ భావం కొత్తేమీ కాదు. మొహాలీలో 2010లో మన హైదరాబాద్ లక్ష్మణ్ నడుం నొప్పితో 73 నాటౌట్ కొట్టి ఒక్క వికెట్ తేడాతో ఆస్ట్రేలియా మీద గెలిపించిన రోజు గుర్తుందా? మా ఇంట్లో ఆ పూట అన్నం ఎవరూ ముట్టలేదు. పీకల మీదికి వచ్చినప్పుడు లక్ష్మణ్ ఉన్నాడులే అని అంటాం చూశారా, ఆ 'ఉన్నాడులే' అనే మాటే క్లచ్.

అయితే ఇక్కడ రెండు మాటలు కలిసిపోతున్నాయి. వాటిని విడదీయాలి. ఒకటి క్లచ్ హిట్, రెండోది క్లచ్ హిటర్. క్లచ్ హిట్ అంటే జరిగిన సంగతి. దాన్ని ఎవరు కాదంటారు? 1960 వరల్డ్ సిరీస్ ఏడో ఆట, తొమ్మిదో ఇన్నింగ్, స్కోరు సమానం. పిట్స్‌బర్గ్ బిల్ మాజరోస్కీ హోమ్ రన్ కొట్టాడు, అంటే బంతిని గోడ దాటించాడు, సిరీస్ అక్కడికక్కడే అయిపోయింది. వరల్డ్ సిరీస్ ఏడో ఆటని ముగించిన హోమ్ రన్ అదొక్కటే. కానీ మాజరోస్కీకి పేరు వచ్చింది చేతి గ్లవ్ వల్ల, అంటే ఫీల్డింగ్ వల్ల, బ్యాట్ వల్ల కాదు. జీవితం మొత్తం మీద సగటు 0.260. ఆ హిట్ ఆకాశమంత పెద్దది. మరి దాన్ని చూసి ఆయన ఒత్తిడిలో వేరే మనిషి అయిపోతాడు అని చెప్పగలమా?

క్లచ్ హిటర్ అంటే అదే మరి. ఒత్తిడి పెరిగినప్పుడు తన మామూలు స్థాయిని మించి ఆడే మనిషి. 'తన మామూలు స్థాయిని మించి', ఈ మాట కింద గీత గీయండి. మంచి బ్యాటరు ఎప్పుడూ మంచి బ్యాటరే. మంగళవారం మధ్యాహ్నం ఖాళీ స్టేడియంలో బాగా కొట్టేవాడు వరల్డ్ సిరీస్‌లోనూ బాగా కొడితే, ఎప్పుడూ కొట్టేదే కొట్టాడు. క్లచ్ అనాలంటే అంతకు మించి ఏదో ఉండాలి. ఉందా?

అన్నదమ్ములు, రసాయన శాస్త్రవేత్త, కాపలాదారు

దీన్ని కొలవాలని చాలామంది చూశారు. లీగే ఒకసారి ప్రయత్నించింది. 1980 నుంచి 1988 దాకా 'గెలుపు తెచ్చిన పరుగు' అని ఒక అధికారిక లెక్క ఉండేది. ఏ బ్యాటరు తెచ్చిన పరుగుతో జట్టు ఆధిక్యంలోకి వెళ్లి ఆఖరిదాకా అలాగే ఉంటుందో, ఆ పరుగు అతని ఖాతాలో పడుతుంది. వినడానికి బాగుంది కదూ? కానీ మొదటి ఇన్నింగ్‌లో తొలి పరుగు తెస్తే, జట్టు 10-0తో గెలిస్తే, ఆ తొలి పరుగు కూడా గెలుపు తెచ్చినట్టే లెక్క. అందులో ఒత్తిడేది? తొమ్మిదేళ్లు నడిపి ఆపేశారు.

అసలు పని అంతకు ముందే, 1977లో జరిగింది. డిక్ క్రామర్ అని ఒకాయన. వృత్తి మందుల కంపెనీలో రసాయన శాస్త్రం, ఇష్టం బేస్‌బాల్. అప్పటికి మిల్స్ అన్నదమ్ములు ఒక మహా ఓపికైన పని చేసి పెట్టారు. 1969, 1970 సీజన్లలో ప్రతి బ్యాటరు ప్రతిసారి చేసిన పనివల్ల జట్టు గెలిచే అవకాశం ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని లెక్కకట్టారు. స్కోరు 12-0 ఉన్నప్పుడు హోమ్ రన్ కొడితే గెలిచే అవకాశంలో పెద్ద తేడా ఏం రాదు. స్కోరు సమానంగా ఉన్నప్పుడు ఆఖర్లో కొడితే బోలెడంత. ఆ పద్ధతిలో సందర్భం లెక్కలోకి వచ్చేస్తుంది.

క్రామర్ ఏం చేశారంటే, ప్రతి ఆటగాడికీ మామూలు గణాంకాల ప్రకారం ఎంత రావాలి, మిల్స్ లెక్కలో ఎంత వచ్చింది అని చూశారు. ఎక్కువ వచ్చినవాడు సమయానికి కొట్టాడన్నమాట. అలా 1969కి ఒక జాబితా, 1970కి ఒక జాబితా. ఇప్పుడు నేను అడిగేది వినండి. గొంతు బాగున్నవాడు ఈ ఏడు బాగా పాడితే వచ్చే ఏడు కూడా బాగానే పాడతాడు కదా? ఇది నిజంగా మనిషిలో ఉన్న గుణమైతే 1969లో పైనున్నవాళ్లు 1970లోనూ పైనే ఉండాలి. ఉన్నారా? లేరు. చెల్లాచెదురైపోయారు. మొదటి ఏడాది జాబితా చూసి రెండో ఏడాది గురించి ఏమీ చెప్పలేం. క్లచ్ హిటర్లు లేరు అని క్రామర్ తేల్చారు.

ఆ తర్వాత పాతికేళ్లు లెక్కలు తెలిసినవాళ్లందరిదీ ఇదే మాట. లేదు, లేదు, లేదు. నేనూ క్లాసులో ఇదే చెప్పేవాణ్ని. పిల్లలు ఒర్తీజ్ అనగానే నేను క్రామర్ అనేవాణ్ని, చర్చ అక్కడితో ముగిసేది. ఇవాళ తల్చుకుంటే బాధగా ఉంటుంది. వాళ్ల నోరు అంత తొందరగా మూయించి ఉండకూడదు.

ఎందుకంటే 2004 చివర్లో బిల్ జేమ్స్ ఒక వ్యాసం రాశారు. బేస్‌బాల్ గణాంకాలకి ఆయన పెద్ద దిక్కు. కాన్సాస్‌లో బీన్స్ డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాస్తూ మొదటి రాతలు రాసిన మనిషి. ఆయనే ఏమన్నారంటే, మనం ఇన్నాళ్లూ ఒక పొరపాటు చేశాం. కావలివాడు పొగమంచులోకి చూశాడు, ఎవరూ కనబడలేదు, 'ఎవరూ లేరు' అని చెప్పాడు. ఎవరూ లేకపోవచ్చు. మంచు మరీ దట్టంగా ఉండి ఉండవచ్చు కూడా. రాత్రి కాపలా కాసిన మనిషి చెప్పిన పోలిక కదా, నాకు గట్టిగా తగిలింది.

ఈ పొగమంచు ఎక్కడిదో చెప్తాను. క్లచ్ కొలత అంటే ఒత్తిడిలో కొట్టింది మైనస్ మామూలుగా కొట్టింది. రెండూ అదృష్టం కలిసిన అంకెలే. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే అసలు విషయం చాలామటుకు కొట్టుకుపోతుంది, అదృష్టం మాత్రం పోదు, ఇంకా పేరుకుంటుంది. అలాంటి తీసివేతని ఇంకో ఏడాది తీసివేతతో పోల్చాం. మజ్జిగలో నీళ్లు పోశాం, మళ్లీ నీళ్లు పోశాం, ఇప్పుడు వెన్న కనబడటం లేదని అంటున్నాం!

ఇలాంటిదే బాస్కెట్‌బాల్‌లోనూ జరిగింది. వరసగా బుట్టలో వేసినవాడికి చెయ్యి వేడెక్కుతుందా అని 1985లో గిలోవిచ్, వాలోన్, ట్వెర్‌స్కీ పరిశీలించి అదంతా భ్రమ అన్నారు. ముప్ఫై ఏళ్లు పాఠ్యపుస్తకాల్లో అదే. తర్వాత మిల్లర్, సాన్‌హుర్హో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ లెక్కలోనే ఒక సూక్ష్మమైన తేడా ఉందని చూపించారు. అది సరిదిద్దితే భ్రమ అన్నది అంత గట్టిగా నిలబడలేదు. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎనిమిది పాయింట్లు

మరి మంచు తొలగించి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. 2006లో టామ్ టాంగో, మిచెల్ లిక్ట్‌మన్, ఆండ్రూ డాల్ఫిన్. ఒక్కో ఆటగాడి వెంట పడకుండా వేల ఆటల్లో ఆటగాళ్లందర్నీ కలిపి చూశారు. అదృష్టం ఒక్కటే కారణమైతే జనం ఇంతవరకు చెదరాలి, నిజంగా ఎంత చెదిరారు? అదృష్టం చెప్పగలిగిన దానికంటే కాస్త ఎక్కువ చెదిరారు. కాస్తే. వాళ్ల లెక్కలో ఆరుగురిలో ఒకడు ఒత్తిడిలో బేస్ చేరే సగటుని, అంటే హిట్ కొట్టి గానీ మరోలా గానీ అవుట్ కాకుండా బేస్ చేరే లెక్కని, ఎనిమిది పాయింట్లో అంతకంటే ఎక్కువో పెంచుకుంటాడు. ఇంచుమించు అంతేమంది అంత తగ్గిపోతారు.

అంటే ఉంది. క్లచ్ అనేది ఉంది! కానీ ఎనిమిది పాయింట్లంటే ఎంత? ఇక్కడ కాసేపు ఆగుదాం, అసలు విషయం ఇదే.

క్రమం తప్పకుండా ఆడేవాడికి సీజన్‌లో 600 సార్లు బ్యాటింగ్ వస్తుంది. అందులో ఊపిరి బిగబట్టి చూసేవి వంద అనుకుందాం. వందలో ఎనిమిది పాయింట్లంటే 0.8. ఏడాది మొత్తం మీద ఒక్కసారి కూడా కాదు! ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ప్రతి ఆటా చూసినా మన కంటికి ఆనదు. అదే బేస్ చేరే సగటు 0.380 ఉన్న బ్యాటరుకీ 0.320 ఉన్న బ్యాటరుకీ తేడా వందలో ఆరు సార్లు. కాబట్టి తొమ్మిదో ఇన్నింగ్‌లో ఎవర్ని పంపాలయ్యా అంటే, వాడికి గుండె ధైర్యం ఎంత అని చూడక్కర్లేదు. ఎవడు మంచి బ్యాటరో వాణ్ని పంపండి.

ఇంకో లెక్క. సగటు 0.270 ఉన్నవాడికి వంద అవకాశాలు ఇచ్చామనుకోండి. వాడు మారలేదు, భయపడలేదు, రెచ్చిపోలేదు. కేవలం అదృష్టం వల్లనే వాడి సగటు మూడింట రెండుసార్లు 0.226కీ 0.314కీ మధ్య ఎక్కడైనా పడుతుంది. మూడోసారి ఆ హద్దులు కూడా దాటుతుంది. ఇటు 44 పాయింట్లు, అటు 44 పాయింట్లు అదృష్టం ఊపేస్తుంటే, అందులో ఎనిమిది పాయింట్ల గుణాన్ని మీరు ఎలా వెతుకుతారు? జాతరలో డప్పుల మధ్య చీమ నడక వినాలని కూర్చున్నట్టు. అదృష్టం చేసే గోల ఆ ఎనిమిది పాయింట్లంత తగ్గాలంటేనే మూడు వేలకి పైగా ఒత్తిడి సందర్భాలు కావాలి. ఏడాదికి వంద చొప్పున ముప్ఫై ఏళ్లకి పైగా ఆడాలి. ఎవరు ఆడారు? ఎవరూ ఆడలేదు, ఆడబోరు.

ఇంతా చేసి నేను చెప్పేది ఇదే. క్లచ్ గుణం ఉన్నవాళ్లు ఈ ఆటలో ఉన్నారు. వాళ్లు ఎవరో వాళ్ల రికార్డు చూసి చెప్పలేం. రెండూ ఒకేసారి నిజం. 'లేదు' అన్న మాటా అతిశయమే, 'వీడే' అని వేలు చూపించడమూ అతిశయమే.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఒత్తిడి సందర్భమంటే ఒత్తిడి ఒక్కటే కాదు. ఆట చివర్లో అవతలి జట్టు తన బెస్ట్ పిచర్‌ని దింపుతుంది, అప్పుడే వచ్చినవాడు, అలుపులేని చెయ్యి. అందుకని అందరి సగటూ పడుతుంది. ఇంకోవైపు మొదటి బేస్‌లో మనిషి ఉంటే ఫీల్డరు వాణ్ని కాపు కాయాలి, అక్కడ సందు ఏర్పడుతుంది, ఎడమచేతి బ్యాటరుకి అది కలిసొస్తుంది. దాన్నీ మనం ధైర్యం ఖాతాలో రాసేస్తాం. పాట్ టాబ్లర్ అని ఒకాయన, మామూలు సగటు 0.282. మూడు బేసులూ నిండి ఉంటే 88కి 43, 0.489! ఆశ్చర్యంగా లేదూ? కానీ వందేళ్లకి పైగా ఆడిన వేలమందిలో ఎవడో ఒకడికి ఇలాంటి అంకె వచ్చే తీరుతుంది. వాడి పేరు టాబ్లర్ అయింది.

ఇప్పుడు పేర్లు పెట్టడం గురించి. నాకు ఈ విషయం మీద పట్టుదల రావడానికి కారణం ఇదే.

న్యూయార్క్ యాంకీస్ రెజీ జాక్సన్‌ని మిస్టర్ అక్టోబర్ అంటాం. 1977 అక్టోబర్ 18, ఇక్కడికి ఎంతో దూరం లేదు, యాంకీ స్టేడియంలో డాడ్జర్స్ మీద వరల్డ్ సిరీస్ ఆరో ఆట. మూడు బంతులు, ముగ్గురు పిచర్లు, మూడు హోమ్ రన్లు. హూటన్ మొదటి బంతి, సోసా మొదటి బంతి, హఫ్ మొదటి బంతి. వరల్డ్ సిరీస్ ఆటలన్నీ కలిపి రెజీ సగటు 0.357. మామూలు సీజన్లలో 0.262. ఇంకేం కావాలి అంటారా? కావాలి. వరల్డ్ సిరీస్‌కి ముందు ఆడే లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్‌లలో ఇదే రెజీ సగటు 0.227. అదీ అక్టోబరే కదా? ఆ మూడు హోమ్ రన్లకి తొమ్మిది రోజుల ముందు కాన్సాస్ సిటీలో తాడో పేడో తేల్చే అయిదో ఆటలో మేనేజర్ బిల్లీ మార్టిన్ రెజీని మొదటి జట్టులోకే తీసుకోలేదు. ఆ సిరీస్ మొత్తం 16కి 2. ఆ తొమ్మిదో తారీఖున యాంకీస్ ఓడిపోయి ఉంటే, మిస్టర్ అక్టోబర్ అనే పేరు ఎక్కడ ఉండేది? ఆ ఏడాది రెజీకి పడే పేరు ఇంకోలా ఉండేది.

ఉండేదని ఊరికే అనడం లేదు. అలా పడినవాళ్లు ఉన్నారు. బ్యారీ బాండ్స్. 2001 దాకా అయిదు ప్లేఆఫ్ సిరీస్‌లు, అంటే అవే అక్టోబర్ ఆటలు, 27 ఆటలు, సగటు 0.196, ఒకే ఒక్క హోమ్ రన్. 'పెద్ద ఆటలో చేతులెత్తేస్తాడు' అని ముద్ర వేశారు. 2002లో 17 ఆటల్లో ఎనిమిది హోమ్ రన్లు, వరల్డ్ సిరీస్‌లో సగటు 0.471. మందుల వివాదం వేరు, దాన్ని ఇక్కడ కలపను. ముద్ర గురించి మాట్లాడుతున్నాను. అలెక్స్ రోడ్రిగెజ్ సంగతి ఇక్కడ ఉన్న యాంకీస్ అభిమానులకి నేను చెప్పాలా? 2006లో డెట్రాయిట్ మీద 14కి 1. నాలుగో ఆటలో ఆ మహా బ్యాటర్ని ఎనిమిదో స్థానంలో దింపారు. ఊరంతా ఎంత మాట అంది! మూడేళ్లకి 2009లో అదే మనిషి ప్లేఆఫ్స్‌లో 0.365, ఆరు హోమ్ రన్లు, జట్టు చాంపియన్. 14 సార్లు బ్యాట్ పట్టినదాన్ని చూసి ఒక మనిషి గుండె ఎంతో తేల్చేశాం మనం.

మా పెద్దమ్మగారి అబ్బాయి ఉండేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. కాలేజీలో ఎప్పుడూ మొదటి వరసే. ఎంసెట్ ఒక్కరోజు సరిగ్గా రాయలేకపోయాడు. ఒక్క పూట. 'వాడికి పెద్ద పరీక్షంటే చేతులాడవు' అని ఇంటిల్లిపాదీ అనేవారు. వాడి ముందే అనేవారు. మళ్లీ రాయమంటే వాడు రాయలేదు. అన్నయ్య మంచి లెక్కల బుర్ర, నాకు ప్రాబబిలిటీ మొదట చెప్పింది వాడే. ఒక్క ప్రయత్నం నుంచి ఏదీ తేల్చకూడదని నాకు నేర్పినవాణ్ని ఒక్క ప్రయత్నంతో తేల్చేశారు.

అంటే ఒత్తిడి అబద్ధమా? ఎంతమాత్రం కాదు. గుండె దడ నిజం, అరచేతుల చెమట నిజం. ఆటగాళ్లని అడగండి, చాలామంది క్లచ్ ఉందనే చెప్తారు. వాళ్ల లోపల ఏం జరుగుతుందో మనకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. రాబ్ గ్రే అనే పరిశోధకుడు 2004లో కాలేజీ బేస్‌బాల్ ఆటగాళ్లతో ప్రయోగం చేశారు. బ్యాట్ ఎలా కదులుతోందో గమనిస్తూ కొట్టమంటే, చెయ్యి తిరిగినవాళ్లే తప్పారు. ఒత్తిడి పెరిగినప్పుడు వాళ్ల ధ్యాస అటే, తమ చేతుల మీదికే పోయింది. సైకిల్ తొక్కుతూ ఇప్పుడు ఏ కాలు కిందికి పోతోంది అని ఆలోచిస్తే ఏమవుతుంది? పడిపోతాం. అదీ జరిగేది.

మరి అది మైదానంలో ఎందుకంత కనబడదు? ఎందుకంటే అక్కడ ఉన్నది 30 జట్లు, జట్టుకి 26 మంది, మొత్తం 780 మంది. హైస్కూల్లో వడకట్టారు, కాలేజీలో వడకట్టారు, మైనర్ లీగుల్లో బస్సుల్లో తిప్పి తిప్పి వడకట్టారు. చూడ్డానికి వచ్చిన స్కౌట్ ముందు చేతులు వణికినవాడు ఎప్పుడో ఇంటికి పోయాడు. మిగిలిన 780 మందీ ఒత్తిడిని తట్టుకున్నవాళ్లే. మనకీ వాళ్లకీ తేడా చాలా ఉంది. వాళ్లలో వాళ్లకి తేడా, ఆ ఎనిమిది పాయింట్లే.

నాకు వీళ్లందరిలో ఇష్టమైన అంకెలు యాంకీస్ ఆటగాడు డెరెక్ జీటర్‌వి. ప్లేఆఫ్స్‌లో 158 ఆటలు ఆడాడు. పూర్తి సీజన్ అంటే 162, అంటే అక్టోబర్ ఆటలే ఇంచుమించు ఒక సీజన్! మనకి ఎప్పుడూ దొరకనంత పెద్ద నమూనా. అందులో సగటు 0.308. మామూలు సీజన్లలో 0.310. చూశారా? రెండు పాయింట్ల తేడా. అర్ధరాత్రి దాటాక కొట్టిన హోమ్ రన్‌తో మిస్టర్ నవంబర్ అని పేరు తెచ్చుకున్న మనిషి, చలిలో, మేటి పిచర్ల ముందు, జూన్ నెలలో ఎలా ఆడాడో అలాగే ఆడాడు. మించలేదు, తగ్గలేదు. నన్నడిగితే అది తక్కువ సంగతి కాదు.

అమ్మా, మీరు ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు. అడగండి. ఊఁ... మారియానో రివేరా సంగతేమిటి అంటున్నారు. ఆఖర్లో వచ్చి ఆటని ముగించే యాంకీస్ పిచర్. మీ తల మీద యాంకీస్ టోపీ చూసినప్పుడే అనుకున్నాను ఈ ప్రశ్న వస్తుందని.

అడగాల్సిన ప్రశ్నే. రివేరా అంకె నాకు గొంతులో ముల్లులా ఉంటుంది. ఫీల్డింగ్ తప్పుల వల్ల వచ్చినవి తీసేసి, తొమ్మిది ఇన్నింగ్‌లకి ఎన్ని పరుగులిచ్చాడు అని చూస్తే మామూలు సీజన్లలో 2.21. అదే గొప్ప అంకె. ప్లేఆఫ్స్‌లో 141 ఇన్నింగ్‌లు వేశాడు, అందులో 0.70. తన మామూలు లెక్క ప్రకారం 34, 35 పరుగులు ఇవ్వాలి. ఇచ్చింది 11. అదీ మేటి జట్ల మీద. నేను ఇంట్లో ఈ లెక్క ఎన్నిసార్లు వేశానో! పరుగులు ఒకటొకటిగా కాక గుంపుగా వస్తాయి, కాబట్టి అదృష్టం ఊపు మనం అనుకున్నదానికంటే ఎక్కువ ఉంటుంది, సరే. వందేళ్ల పిచర్లందర్లో ఆ చివర ఉన్నవాణ్ని మనమే ఏరుకున్నాం, సరే. అన్నీ తీసేశాక కూడా కొంత మిగులుతోందమ్మా. ఎవరో ఒకరి పేరు చెప్పి తీరాలంటే నేను చెప్పే పేరు ఆయనదే. చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి చెప్తాను.

ఆ రివేరా 2001 వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో, ఫీనిక్స్‌లో, ఎనిమిదో ఇన్నింగ్‌కే వచ్చాడు. తొమ్మిదో ఇన్నింగ్‌లోనూ బంతి ఆయన చేతిలోనే ఉంది. యాంకీస్ 2-1తో ముందున్నారు. అప్పటికి ప్లేఆఫ్స్‌లో వరసగా 23 సార్లు ఆటని కాపాడి ఇచ్చిన మనిషి. ఆ రాత్రి ఒక బంట్, అంటే మెల్లగా తట్టిన బంతి, పట్టి రెండో బేస్‌కి విసిరింది తప్పింది. తర్వాత ఒక డబుల్, అంటే రెండు బేసుల హిట్, స్కోరు 2-2. మూడు బేసులూ నిండాయి, ఒక్కడే అవుట్. పరుగు ఆపాలని బేసుల దగ్గరి ఫీల్డర్లందర్నీ ముందుకి రప్పించారు. లూయిస్ గొంజాలెజ్ బ్యాటింగ్. ఎప్పుడూ వేసే కట్టరే, చివర్లో పక్కకి తిరిగే బంతే, వేశాడు రివేరా. అది బ్యాట్ మధ్యలో తగల్లేదు. మెల్లగా లేచి, రెండో మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డరు, అంటే షార్ట్‌స్టాప్ తల మీంచి వెళ్లి, గడ్డి మొదలయ్యేచోట పడింది. పరుగు వచ్చింది, యాంకీస్ సిరీస్ ఓడిపోయారు. ఆ షార్ట్‌స్టాప్ జీటరే. రోజూ నిలబడే చోట నిలబడి ఉంటే అది అతని చేతిలో పడే బంతి.